పలకకి ఒక తుపాకీ, జింకకి ఒక తుపాకీ

మా చిన్నమామయ్యగారు పోయారని చిన్నత్తయ్య ఫోన్ చేసేసరికి నేను పప్పుకి తాలింపు పెడుతున్నాను. "కాఫీ తాగి కుర్చీలో వెనక్కి వాలారే. కునుకు తీస్తున్నారనుకున్నా," అంది. ఆవిడ గొంతు మామూలుగానే ఉంది. తాలింపు మాడిపోయింది.

ఆయన మా ఆయనకి సొంత బాబాయి. టెక్సాస్‌లో ఒక చిన్న ఊరి చివర మోటెల్ నడిపేవారు. మా ఆయన పని చేసేదీ అక్కడే. మోటెల్ వెనక వాళ్ళకి కొంత పొలం ఉంది. పొలమంటే పంట కాదు. రాళ్ళు, ముళ్ళ చెట్లు, ఎండిన వాగు, జింకలు.

నేను ఏడో తరగతితో చదువు మానేశాను. నలుగురిలో నోరు విప్పడమే నాకు కష్టం, రాయడం ఇంకా కష్టం. కానీ పెద్దకర్మ రోజు ఆయన ఫోటో ముందు ఒకాయన "అంకుల్ మంచోరే గానీ, వేటలో కొంచెం పిరికి" అన్నారు. ఆ మాట అలా నిలిచిపోకూడదని రాస్తున్నాను.

మామయ్యగారికి రెండు రైఫిళ్ళు. చిన్న తూటా వేసే టూ ఫార్టీ త్రీ జింకకి. ఎక్కువ దూరం పోయే సిక్స్ పాయింట్ ఫైవ్ ఇనప పలకకి. పొలం అవతలి గట్టు మీద, ఆరొందల గజాల దూరంలో ఒక పలక వేలాడదీశారు. ఆదివారం మధ్యాహ్నాలు బోర్లా పడుకుని దాన్ని కొట్టేవారు. మోత విన్నాక కాస్త ఆగితే 'టంగ్' మని వినిపించేది. అప్పుడు ఆయన మొహం చూడాలి, పండక్కి కొత్త చొక్కా తొడుక్కున్న పిల్లాడిలా ఉండేది. అంత దూరం కొట్టగల మనిషి జింకని మాత్రం రెండొందల గజాలు దాటితే కొట్టేవారు కాదు. గాలికి ఎదురుగా, అలికిడి లేకుండా, ఒంగి ఒంగి నడిచి దగ్గరికి వెళ్ళేవారు. కుదరకపోతే వెనక్కి వచ్చేసేవారు.

"పలక తప్పితే నీకు సిగ్గు. జింక తప్పితే దానికి నరకం," అనేవారు.

ఊళ్ళ నుంచి వేటకి వచ్చిన కుర్రాళ్ళంతా ఒకటే అడిగేవారు, ఎంత తూటా పట్టే తుపాకీ కొనాలని. "అంకుల్, ఏ క్యాలిబర్ కొనమంటారు?"

"ముందు ఎంత దూరం నడవగలవో చెప్పు బాబూ."

వాళ్ళు నవ్వేవారు. ఆయన నవ్వేవారు కాదు. దూరం కాళ్ళతో తగ్గించుకోవాలి, మిగిలినదానికే తూటా అనేవారు. చూసుకోవాల్సిన రెండోది భుజం. అది నాకు ఆయనే నేర్పారు. ఎవరిదో పెద్ద తూటా వేసే త్రీ హండ్రెడ్ మాగ్నం ఒకసారి నా చేతికిచ్చి, "మొహం అటు తిప్పుకో అమ్మాయ్," అని తనే తూటా పెట్టారు. ఒక దెబ్బకి నా భుజం ఊడినంత పనైంది. మళ్ళీ పెట్టారు. ట్రిగ్గర్ నొక్కితే టిక్కుమంది, పేలలేదు. ఆయన పెట్టింది ఉత్తుత్తి తూటా. అయినా గొట్టం ముక్కు కిందికి దిగిపోయింది.

"చూశావా? అది పేలకముందే నువ్వు ఉలిక్కిపడ్డావు. భుజం భయపడే తుపాకీతో గురి కుదరదు."

టూ ఫార్టీ త్రీతో అదే పరీక్ష పెడితే గొట్టం కదల్లేదు. "నీకు ఇది చాలు. నాకూ ఇదే చాలు," అన్నారు. పొలానికి ఎవరొచ్చినా ఈ పరీక్ష తప్పదు. కొందరికి కోపం కూడా వచ్చేది.

పోయిన వేట సీజన్‌లో ఫ్రిస్కో అనే ఊరి నుంచి ఒకాయన వచ్చారు. నన్ను చెల్లెమ్మా అంటారు, నేను అన్నయ్యా అంటాను. కొత్త మాగ్నం, దాని మీద చేటంత స్కోప్. పరీక్ష వద్దన్నారు. "షూటింగ్ రేంజ్‌లో ఎన్నోసార్లు కొట్టాను అంకుల్." మధ్యాహ్నం మామయ్యగారు, ఆ అన్నయ్య, మా ఆయన మంచె దగ్గరికి వెళ్తుంటే నీళ్ళ సీసాలు పట్టుకుని నేనూ వెళ్ళాను. అవతలి గట్టు మీద పెద్ద కొమ్ముల జింక. అయిదొందల గజాల పైనే. అన్నయ్య మర్యాదగా తన తుపాకీ మామయ్యగారి చేతికిచ్చారు. ఆయన స్కోప్‌లో చాలాసేపు చూసి, తుపాకీ దించేశారు.

"గాలి తిరుగుతోంది. పైగా తూటా అక్కడికి చేరేలోపు అది ఒక అడుగు వేస్తుంది. వాగులోంచి దగ్గరికి నడుద్దాం పద."

"ఈలోపు పోతుంది అంకుల్!"

"పోనీ. రేపూ ఉంటుంది."

అన్నయ్య తుపాకీ లాక్కుని కొట్టేశారు. కడుపులో తగిలింది. జింక కుంటుకుంటూ చెట్లలోకి పోయింది. "తగిలింది, తగిలింది!" అని ఎగిరారు. ఆయన బూట్లు కొత్తవట, ముళ్ళలోకి రాలేనన్నారు.

మామయ్యగారు చిన్న రైఫిల్ తీసుకుని రక్తపు చుక్కలు పట్టుకుని నడిచారు. వెనక మేమిద్దరం. ఆకు ఆకూ చూస్తూ, ఆగుతూ, ఆయాసపడుతూ. పొద్దువాలుతుండగా వాగులో దొరికింది. ఇంకా ఊపిరుంది. దగ్గరికి వెళ్ళి ఒక్క దెబ్బతో ముగించారు. నీళ్ళివ్వమన్నారు. నోట్లో పోసుకున్నారు గానీ మింగలేకపోయారు.

మేం తిరిగొచ్చేసరికి అన్నయ్య లాబీలో బిరియాని తింటున్నారు. తలెత్తి అడిగిన మొదటి మాట: "కొమ్ములు విరగలేదు కదా అంకుల్?"

పెద్దకర్మకి ఆ కొమ్ములే తెచ్చారాయన. నున్నటి చెక్కకి బిగించి, మామయ్యగారి ఫోటో పక్కన పెట్టారు. అందరికీ కథ చెప్పారు. అంకుల్ భయపడి తుపాకీ దించేశారట. తను ఒక్క దెబ్బకి పడగొట్టారట. జనం మెల్లగా నవ్వారు. మా ఆయన విస్తట్లోకి చూస్తున్నారు. నేను సాంబారు గిన్నెతో గుమ్మంలో నిలబడిపోయాను. గిన్నె కింద పెట్టాను.

"అన్నయ్యా, దాన్ని పడగొట్టింది మీరు కాదు."

అందరూ తిరిగి చూశారు. ఆయన నవ్వారు. "నీకు వేటేం తెలుసు చెల్లెమ్మా?"

"వేట తెలీదు. మీరు కొట్టాక అది ఎంతసేపు బతికుందో తెలుసు. మీరు బిరియాని తింటున్నారు, మీకే తెలీదు."

"పెద్దకర్మ రోజు ఈ మాటలేంటమ్మా..."

"మీరు ఆయన్ని పిరికి అన్నదీ ఈ రోజే కదా!"

మా ఆయన విస్తరి ముందు నుంచి లేచారు. "తను చెప్పేది నిజం అన్నా. నేనూ ఉన్నాను. బాబాయి భయపడింది తూటాకి కాదు, జింకకి నొప్పెడుతుందని." తర్వాత ఏం చెయ్యాలో తెలీక అలాగే నిలబడ్డారు.

చిన్నత్తయ్య నెమ్మదిగా వచ్చి చెక్కని రెండు చేతులా ఎత్తింది. "తీసుకెళ్ళు బాబూ. ఇన్నేళ్ళలో ఆయన గోడకి ఒక్క కొమ్ము తగిలించలేదు." ఆయన అందుకుని బయటికి నడిచారు. కారు వెళ్తుంటే వెనక అద్దంలోంచి కొమ్ముల కొసలు కనిపించాయి.

అందరూ వెళ్ళాక నేనూ చిన్నత్తయ్యా గిన్నెలు కడుగుతున్నాం. కిటికీ అవతల కంచె దగ్గరికి ఒక ఆడజింక వచ్చి తల వంచి మేస్తోంది. అత్తయ్య తడి చేతులతోనే ఆగింది.

"ఎంత దూరముంటుందే?"

"నూట యాభై గజాలేమో అత్తయ్యా."

"అయితే ఆయన కొట్టేవారే," అంది ఆవిడ. కుళాయి కట్టేసింది, చప్పుడుకి అది బెదరకుండా. అది కడుపునిండా మేసి, తనంతట తాను చెట్లలోకి వెళ్ళిపోయేదాకా మేం గిన్నె కదపలేదు.