మొదలు గద్వాలలో, చివర సోమశిలలో

లతీఫ్ సాహెబు గారు ఇక లేరు. ఈ ఒక్క వాక్యం రాయడానికే నాకు ఉదయమంతా పట్టింది. రాసిన తర్వాత కూడా మనసు ఒప్పుకోవడం లేదు. మా ప్రాచ్య కళాశాల బంట్రోతు ఇమాము గ్రంథాలయం తాళాలు తెచ్చి నా బల్ల మీద పెట్టి, "సాబు వనపర్తి దవాఖానల కాలం జేసిండు, నర్సింహ పంతులూ. ఇగ గివి నీ తాననే ఉంచుమన్నరు" అన్నాడు. దానికి నేను "సరే, సాబు ఎప్పుడొస్తడు?" అని అడిగానట. నాకు జ్ఞాపకం లేదు, ఇమాము తర్వాత చెప్పాడు. నాలుగు రోజుల జ్వరం అంతటి మనిషిని తీసుకుపోతుందని ఎవరనుకుంటారు?

గద్వాలలో ఆయనను ఎరుగని వారు లేరు. ఎరుగని వారి కోసం చెబుతున్నాను. రూమీ టోపీ, జిగురు మరకల షేర్వానీ, దాని కాలరులో ఎప్పుడూ గుచ్చి ఉండే దారం సూది. ఇంట్లో ఉర్దూ, కచేరీలో ఉర్దూ, కానీ ప్రాణమంతా తెలుగు పుస్తకం మీదే. "తెలుగు పుస్తకాల గొడవ మీకెందుకు సాబ్?" అని ఒక పెద్దమనిషి ఎకసెక్కం చేస్తే ఆయనకు కోపం రాలేదు. "మా ఊరోళ్లు తమ కష్టసుఖాలు ఏ భాషల చెప్పుకుంటున్నరో ఆ భాష సదవకపోతే నేను ఈ ఊరోణ్ని ఎట్లయిత?" అన్నారు. పెద్దమనిషి పోయేటప్పుడు ఒక పుస్తకం చంకలో పెట్టుకుని పోయాడు.

కళాశాలలో గ్రంథపాలకులుగా ఉంటూ అక్కడి గ్రంథాలయాన్ని ఆయన ఊరి గ్రంథాలయం చేశారు. విద్యార్థి కాకపోయినా, చేతిలో పైసా లేకపోయినా, ఎవరు వచ్చి అడిగినా పుస్తకం ఇచ్చేవారు. అంతవరకు ఎవరికీ పేచీ లేదు. పేచీ అంతా ఆయన ఇచ్చే విధానంతోనే. కథల పుస్తకం ఏది వచ్చినా ముందు దాని కుట్టు విప్పేవారు. చివరి ప్రకరణాలను వేరు చేసి విడిగా కుట్టేవారు. మొదటి భాగం మాత్రమే మనకు ఇచ్చేవారు. అది చదివి, కథ ఎంతవరకు వచ్చిందో ఆయన ముందు చెప్పాలి. చెప్పగలిగితే, "దీని చివర పాన్‌గల్‌ల ఉన్నది, ఫలానా రైతు ఇంట్ల. అటు దిక్కు పోతే సదువుకో" అనేవారు. పుస్తకాలు తీసుకుపోయి చూరులో దోపి, చదివామని అబద్ధం చెప్పే మా విద్యార్థుల వల్లనే ఈ ఉపాయం పుట్టింది. పుస్తకాలను పాడుచేస్తున్నారని నేనంటే, "బీరువాల ఉంటె చెదలే సదువుతయి నర్సింహా" అని నవ్వేవారు.

ఇది పిచ్చి అని మా గణితోపాధ్యాయులు బహిరంగంగా కేకలు వేశారు. ఆయనే ఒకసారి బంధువుల పెళ్లికి వనపర్తి వెళ్లి, పంక్తిలో విస్తరి ముందు నుంచి లేచి మాయమయ్యారు. ఇంటివారు కంగారుపడి వెదికితే, ఒక కుమ్మరి వాకిట్లో కూర్చుని నవల చివరి భాగం గట్టిగా చదువుతూ దొరికారు. కుమ్మరి సారె ఆపి వింటున్నాడట. తిరిగి వచ్చాక గణితోపాధ్యాయులు మరొక పుస్తకం అడిగి పట్టుకుపోయారు.

ఇందులో నాకు మొదటి నుంచీ అర్థంకానిది ఒకటుంది. చివరలు దాచిన ఇళ్లలో అక్షరం వచ్చినవారు ఒక్కరూ ఉండరు. "సదువు రానోళ్ల ఇండ్లల్లనే పెడుతున్నరేంది సాబ్?" అని అడిగాను. "వచ్చినోళ్ల ఇంట్ల పెడితే సదువుకొని పెట్టెల ఏసుకుంటరు" అన్నారు. భద్రత కోసమేనని అప్పటికి సమాధానపడ్డాను. అది పూర్తి జవాబు కాదని తెలియడానికి ఆయన పోవలసి వచ్చింది.

తాళాలు నా చేతికి వచ్చిన వారంలోనే ప్రధానాచార్యులు గ్రంథాలయం చూడడానికి వచ్చారు. ఆయన చెడ్డవారు కారు. ఏ పుస్తకం తెరిచినా కథ మధ్యలో ఆగిపోతుంటే ఎవరు మాత్రం సహిస్తారు? "సెలవులు ముగిసేలోగా ఇవి సంపూర్ణం కావాలి, నర్సింహం గారూ. కానివాటిని చిత్తు కాగితాల కింద రద్దీకి వేయండి" అన్నారు. సాహెబు గారి జీవితమంతా ఆ బీరువాల్లో సగం సగంగా ఉంది. మిగతా సగం ఏ ఊళ్లో, ఎవరింట్లో ఉందో ఆయన ఎన్నడూ రాసిపెట్టలేదు. అదంతా ఆయన తలలోనే ఉండేది.

చివర ఎవరింట్లో ఉందో నాకు జ్ఞాపకం ఉన్న పుస్తకాల మొదటి భాగాలు సంచిలో వేసుకుని కృష్ణ దాటాను. వనపర్తిలో కుమ్మరి, "మా తాన ఇప్పుడు వేరే చివర ఉన్నది పంతులూ, పాతది సాబు మార్చిండు" అన్నాడు. పాన్‌గల్ రైతు, "అది ఉప్పునుంతలకు తీస్కపోయిండు. మా బిడ్డను ఆ ఊరికిచ్చినం గద, ఆమె వినాలన్నది" అన్నాడు. ఉప్పునుంతలకు పోవాలా, సోమశిలకు పోవాలా? ఈ ఇళ్లలో ఇప్పుడున్న వేరే చివరలను తీసుకోవాలా, వదలాలా? నడిరోడ్డు మీద నిలబడి, పోయిన మనిషి మీద గట్టిగా కోప్పడ్డాను. పక్కన ఆయన లేరని తెలిసి కూడా కోప్పడ్డాను. ఆ వెంటనే ఏడుపు వచ్చింది.

చివరికి సోమశిలకే పోయాను. అక్కడ రేవులో పుట్టి నడిపి జనాన్ని నది దాటించే అతని భార్య వెంకటమ్మ ఇంట్లో ఒక నవల చివర ఉందని మాత్రం నాకు నిశ్చయంగా తెలుసు. నన్ను చూసి, "సాబు రాలేదా?" అని అడిగింది. చెప్పాను. చేతిలో చేట కింద పెట్టింది.

"మరి నా మొదలో?" అన్నది.

నాకు అర్థం కాలేదు.

"ఒచ్చినోళ్లందరు చివరనే సదివి పోతరు. గా పిల్ల గడప దాక ఒచ్చి, ఒక్క మాట అనకుండ ఎనుకకు మర్లుతది. ఎందుకు మర్లిందో నాకు తెల్వదు. వాళ్లనడిగితె గది పెద్ద కత అంటరు, పుట్టి ఎక్కుతరు. సాబునడిగిన. 'ఈసారి మొదలు తెస్త వెంకటమ్మా, నేనే సదివి వినిపిస్త' అన్నడు. ఇగ ఎవరు తెస్తరు?"

ఆ మొదలు నా సంచిలోనే ఉంది. ఆయన చివరలు దాచింది చదివేవారిని రప్పించడానికే అనుకున్నాము ఇన్నాళ్లు. చదువు రానివారి వాకిట్లో చదివేవాణ్ని కూర్చోబెట్టడానికని, విన్నవారికి మొదలు మీద ఆశ పుట్టించడానికని నాకు తోచలేదు. ఇప్పుడైనా సరిగ్గా తోచిందో లేదో చెప్పలేను. అడిగి తెలుసుకోవడానికి మనిషి లేరు.

ఆ వాకిట్లో కూర్చుని మొదటి పుట నుంచి చదివాను. ఇరుగుపొరుగువారు చేరారు. పొద్దు వాలేసరికి కథ ఆ గడప దగ్గరికి వచ్చింది. వెంకటమ్మ ఉట్టి మీది నుంచి గుడ్డలో చుట్టిన చివరి పుటలు దించి నా చేతికిచ్చింది. అవీ చదివాను. "ఆహా, అందుకా తల్లీ" అని కొంగుతో కళ్లు తుడుచుకుంది.

రెండు భాగాలూ సంచిలో పెట్టబోతుంటే నా చెయ్యి పట్టుకుంది. "చివర నువ్వు తీస్కపో అయ్యా. గది నాకు నోటికొచ్చె. మొదలు జర నా తాన ఉంచు. ఒచ్చినోళ్లతోని మల్ల సదివిచ్చుకుంట."

ఆమెకు కాదని ఎట్లా చెప్పను? తెచ్చిన మొదలు ఇచ్చి, చివర పట్టుకుని గద్వాలకు వచ్చాను. సంపూర్ణం చేయబోయి ఉన్న సగాన్ని కూడా పోగొట్టుకున్నానని ప్రధానాచార్యులకు చెబుతుంటే నాకే సిగ్గనిపించింది. ఆయన ఆ పుటలు అందుకుని నిలబడే తిరగేశారు. తర్వాత కుర్చీ లాక్కుని చివరిదాకా చదివారు.

"ఈ పిల్ల ఎందుకు తిరిగిపోయింది? దీని మొదలు ఎక్కడుంది, నర్సింహం గారూ?"

"సోమశిలలో ఉందండీ, వెంకటమ్మ అనే ఆమె ఇంట్లో. అటు వైపు వెళితే చదువుకోండి" అన్నాను. అన్న తర్వాత అది ఎవరి మాటో జ్ఞాపకం వచ్చింది. రద్దీ సంగతి ఆయన మళ్లీ ఎత్తలేదు.

సాహెబు గారి కుర్చీలో కూర్చోవడానికి నాకింకా ధైర్యం చాలదు. విద్వాంసులున్న ఊరు మాది, విద్వాంసులు మళ్లీ పుడతారు. ఎవరింట్లో ఏ కథ ఎంతవరకు ఆగిందో మనసులో మోసుకు తిరిగే మనిషి మళ్లీ పుడతాడని నేను నమ్మలేను. ఆ మహానుభావుని పాదాలకు నమస్కరించి, ఈ మాటలు చదువుతున్న వారిని ఒకటే కోరుతున్నాను. మీ ఇంట్లో గాని, మీ ఎరుకలో గాని ఆయన ఉంచిన పుటలుంటే దయచేసి తిప్పి పంపకండి. కబురు చేయండి చాలు. మొదలు తీసుకుని మేమే వస్తాము.