నాలుగు గళ్ళ నది

లద్దాఖ్‌లో మా ఫీల్డ్ ఆస్పత్రికి నేను చేరిన రోజు మంచు పడలేదు. గాలి మాత్రం ఉంది. లారీ దిగి ట్రంకు పెట్టె ఎత్తబోతే ఊపిరి అందలేదు. సిరిసిల్లలో మరమగ్గాల చప్పుడు మధ్య పుట్టి పెరిగినదాన్ని. అంత నిశ్శబ్దం అంతకు ముందెప్పుడూ వినలేదు.

ఆర్మీ అంటే మనవాళ్ళు తుపాకులే అనుకుంటారు. నా భుజం మీద రెండు నక్షత్రాలు, చేతిలో థర్మామీటరు. మిలిటరీ నర్సుని, లెఫ్టినెంట్‌ని.

"అమ్మమ్మా, జర మెల్లగ చెప్పు. ఫోన్ల గింత తొందరగ కొట్టరాదు నాకు." నేను చెబుతుంటే ఫోన్లో రాసుకుంటున్న మా మనవరాలు ఆపింది.

"మెల్లగ చెప్తె మర్చిపోత బిడ్డా. కొట్టు."

ఆస్పత్రి అంటే రేకు గుడిసెలు. గుడిసెకొక కిరోసిన్ పొయ్యి. రెండు జతల సాక్సులు, పెద్ద కోటు, చేతితొడుగులు వేసుకున్నా వేళ్ళు మొద్దుబారేవి. పెన్నులో సిరా గడ్డకట్టేది. అందుకే అక్కడ అందరం పెన్సిల్‌తోనే రాసేవాళ్ళం. మాకు పైన కొండ మీద ఒక పోస్టు ఉండేది. ఎండాకాలంలో పూట నడక. చలికాలంలో రేడియో ఒక్కటే దారి.

మా బాపు ఇంటి నుంచి తెలుగు పేపర్లు కట్టగట్టి పోస్టులో పంపేవాడు. నెల పాతవి. వార్తలు పాచిపోయేవి గానీ, లోపలి పేజీలో గళ్ళ నుడికట్టు మాత్రం తాజాగానే ఉండేది. కట్టలో ఎన్ని పేపర్లున్నా రోజుకు ఒకటే పజిల్ అని నియమం పెట్టుకున్నాను. జవాబులు మర్నాటి పేపర్లో ఉంటాయి కదా, ఆ పేపరు మర్నాడు పొద్దున దాకా విప్పకూడదు. అట్లా చేస్తే అక్కడ కూడా రేపు అనేది ఒకటి ఉండేది. లేకపోతే ఆ మంచులో అన్ని రోజులూ ఒకటే.

పొద్దున పోస్టు నుంచి రేడియోలో రిపోర్టు వచ్చేది. ఎవరికి జ్వరం, ఎవరికి తలనొప్పి. పైన నర్సింగ్ అసిస్టెంట్ చూసి చెబితే రేడియో ఆపరేటర్ నాకు హిందీలో చదివేవాడు. ఒకరోజు నేను మైకు మీట వదలడం మరిచి, నాలో నేను గొణిగాను: "అడ్డం మూడు. మగ్గంలో అటూ ఇటూ తిరిగేది. రెండక్షరాలు."

రేడియో గరగరలాడింది. "మేడం, మీరు తెలుగోళ్ళా? ఓవర్."

"అవ్ తమ్మీ. సిరిసిల్ల. నీదేవూరు? ఓవర్."

"ఖానాపూర్ మేడం. సిరిసిల్లోళ్ళయ్యుండి మగ్గం సంగతి నన్నడుగుతున్నరా? ఇజ్జత్ పోతది. ఓవర్."

"అడుగుతలేను. నాడె అని నాకు తెల్వదా? నోట్లె అనుకుంటున్న. ఓవర్."

ఆనాటి నుంచి రిపోర్టు అయ్యాక సిగ్నల్ పరీక్ష పేరుతో కాసేపు పజిల్ నడిచేది. నేను గళ్ళు చెబితే వాడు పైన రేషన్ అట్టపెట్టె మీద గీసుకునేవాడు. మా డాక్టర్ కెప్టెన్‌కి ఈ సంగతి తెలుసు. తెలియనట్టు టీ తాగేవాడు.

వాడి ముఖం నేనెన్నడూ చూడలేదు. కళ్ళు మూసుకుంటే ఆ గొంతు కొండ మీద నుంచి కాదు, ఖానాపూర్ పొలంగట్టు మీద నుంచి వచ్చేది. వాళ్ళ ఇంటి వెనకే గోదావరి అట. చిన్నప్పుడు బాసరలో పలక పట్టించారట. వాడు "నిలువు ఏడు చెప్పుండ్రి" అంటే నాకు తడి ఇసక వాసన వచ్చేది. ఒక మాట దొరకనప్పుడు ఇద్దరం ఊరుకునేవాళ్ళం. ఆ మాట మా ఇద్దరి మధ్య మంచులో ఎక్కడో తిరుగుతున్నట్టు ఉండేది. తొందర లేదు. అదే వచ్చేది.

జనవరిలో మంచు పట్టింది. హెలికాప్టర్ ఎగరలేదు. ఒక పొద్దున వాడు రిపోర్టు చదివాడు. అందరూ క్షేమం. తర్వాత పజిల్ తీశాను.

"అడ్డం ఒకటి అల్కగున్నది తమ్మీ. బాసర కాడ పారే నది. నాలుగక్షరాలు. ఓవర్."

చాలాసేపు గరగర.

"నది... ఏం నది మేడం?"

"ఇగ పరాచికాలు చాలు గని చెప్పు. ఓవర్."

"నాలిక మీదనే ఉన్నది. వస్తలేదు." మళ్ళీ గరగర. వాడు ఓవర్ అనలేదు. అననిది అదే మొదటిసారి. తర్వాత చిన్నపిల్లాడి గొంతుతో అన్నాడు: "అవ్వా, నీళ్ళు మస్తు సల్లగున్నయే."

వాడు పిలిచింది వాళ్ళమ్మని. నేను వాడికి అవ్వను కాను. పెన్సిల్ కింద పెట్టాను.

ఎత్తు మీద మెదడు వాచడం అంటే ఏమిటో మాకు నేర్పారు. మొదట తలనొప్పి, తర్వాత మాట తడబాటు, ఆ తర్వాత నిద్ర, ఇక లేవరు. అందరి రిపోర్టూ చదివేవాడు తన తలనొప్పి చదువుకోలేదు. తను పడుకుంటే సెట్టు దగ్గర కూర్చునే మనిషి లేడు మరి.

డాక్టర్ దగ్గరికి పరుగెత్తాను. హిందీలోనే గొడవ పడ్డాం.

"పజిల్లో జవాబు రాలేదని, అతన్ని మోసుకు దించడానికి నేను ఆరుగురిని ఆ మంచులోకి పంపాలా సిస్టర్? చరియ విరిగితే?"

"ఆ నది వాళ్ళింటి వెనక పారుతుంది సర్. తన పేరు మరిచినా దాని పేరు మరవడు."

ఆయన కప్పు పక్కన పెట్టి, నాతో సెట్టు దగ్గరికి వచ్చి మైకు అందుకున్నాడు. నర్సింగ్ అసిస్టెంట్‌ని పిలిచి, తూలుతాడేమో చూడటానికి ఆపరేటర్‌ని గీత మీద మడమకు కాలివేళ్ళు ఆనించి నడిపించమన్నాడు. మేమిద్దరం సెట్టు వైపే చూస్తూ నిలబడ్డాం.

"సర్, రెండడుగులేసి గోడకు ఒరిగాడు. మళ్ళీ నిలబెడితే పడిపోయాడు. ఓవర్."

"ఇంజెక్షన్ ఇవ్వండి. ఆక్సిజన్ పెట్టండి. ఇప్పుడే దించండి. ఓవర్."

ఆర్డరు వెళ్ళాక, మంచం సిద్ధం చేస్తుంటే తట్టింది. ఆ ఆరుగురిలో ఒక్కడు జారినా, అది నేను తెచ్చిన మాట వల్లే.

మధ్యాహ్నం పొద్దు వంగాక వాళ్ళు చేరారు. ఆరుగురూ చేరారు. స్ట్రెచర్ మీద వాడు బతికే ఉన్నాడు. నేననుకున్నట్టు పొడుగు మనిషి కాడు. పొట్టిగా, గుండ్రటి ముఖం.

మర్నాడు తెలివి వచ్చింది. నన్ను చూసి గుర్తుపట్టలేదు. గోదావరి పేరు తట్టని సంగతి కూడా గుర్తులేదు.

"పానం ఎట్లున్నది తమ్మీ?" అన్నాను.

వాడు కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. "మళ్ళ మాట్లాడుండ్రి మేడం."

"ఏం మాట్లాడాలె?"

"ఇగో, ఇప్పుడు దొరికిండ్రు" అని కళ్ళు మూసుకునే నవ్వాడు.

మబ్బు తొలిగాక హెలికాప్టర్ వాడిని కింది పెద్ద ఆస్పత్రికి తీసుకెళ్ళింది. సెట్టు దగ్గరికి ఇంకో ఆపరేటర్ వచ్చాడు. వాడిది తెలుగు కాదు.

"మళ్ళెప్పుడన్న కలిసినవా అమ్మమ్మా?"

"లేదు బిడ్డా. మంచిగైండని కబురొచ్చింది. గంతే."

నా టూరు ఎండాకాలంలో ముగిసింది. కాజీపేటలో రైలు దిగి, కరీంనగర్ బస్టాండులో బాపును చూశాను. "ఎట్లుండె బిడ్డా ఆడ?" అన్నాడు. బస్సుల హారన్లు, చెరుకురసం బండి గజ్జెలు, ఇంత మంది మనుషులు. "సలి బాపూ" అన్నాను. ఇంకేమీ రాలేదు.

చెప్పలేకపోయింది ఇది. వాడిని దించుతున్న ఆ రోజు నేను గుడిసె బయట నిలబడి కొండ చూస్తున్నాను. మబ్బు కాస్త వీడింది. తెల్లటి వాలు మీద ఆరు నల్లటి చుక్కలు, వాటి మధ్య ఒక అడ్డగీత. కదులుతున్నాయో లేదో తెలియదు. రెప్ప వేస్తే మబ్బు మూసేస్తుందని రెప్ప వేయకుండా చూశాను. వాళ్ళు చేరారని నాకు తెలుసు, స్ట్రెచర్ నా చేతులతోనే దించుకున్నాను. అయినా ఇన్నేళ్ళకూ, మధ్యాహ్నం కాస్త కునుకు పట్టిందంటే చాలు, ఆ తెల్లటి వాలు మీద వాళ్ళు దిగుతూనే ఉంటారు, చప్పుడు లేకుండా, ఒకరి అడుగులో ఒకరు అడుగేసుకుంటూ.