లేని బిడ్డకు పడిన పాలు

ఇది ఎప్పుడో రాయాల్సింది, కానీ అప్పుడు నాకు అక్షరం రాదు. పలక పట్టాల్సిన చేతులతో చెనిక్కాయలు ఒలిచినదాన్ని. ఊరి బడి వరండాలో సాయంత్రం పూట ఆడవాళ్లకు చెప్పే చదువులో అరవై దాటినాక కూర్చున్నాను. నిన్న చెల్లెలి మాత్రల కోసం కదిరి ఆసుపత్రికి పోతే, మనసు జబ్బుల గది బయట గోడ మీద రాసినది కూడబలుక్కుంటూ చదివినాను: ఈ మందులు వాడే ఆడవాళ్లకు నెలసరి ఆగినా, పాలు వచ్చినా మందు మానకుండా డాక్టరుకు చెప్పాలని. చదివి, మళ్లీ మొదటి అక్షరం నుంచి చదివినాను.

పెళ్లయి ఏళ్లు గడిచినా బిడ్డలు లేని ఆ రోజుల్లో మా చెల్లెలు, చెవిలో ఎవరో మాట్లాడుతున్నారంటూ ఎండలో చేల గట్ల వెంబడి తిరిగేది. మాత్రలు పడినాక నెమ్మదించింది, మళ్లీ సంగటి కెలికింది, మళ్లీ నవ్వింది. కొన్నాళ్లకు నెల తప్పింది, రవిక పాలతో తడిసింది. అంతవరకూ గొడ్రాలని తిట్టిన అత్తే వీధిలో నిలబడి, "మా కోడలు నీళ్లు పోసుకునిందప్పా! కడుపుతో ఉండేదానికి పిచ్చి మాత్రలేంటికి?" అని చాటి, గాజులు తొడిగించి, మాత్రలు దిబ్బలో పారేసింది. మందు మీద అనుమానం ఎవరికి వస్తుంది? పక్కింట్లో బట్టలు కుట్టే సాయిబులామె అవే మాత్రలు ఏళ్లుగా మింగుతున్నా ఆమెకు నెల తప్పలేదు, చుక్క పాలు రాలేదు.

కొద్ది రోజులకే ఆ గొంతులు తిరిగొచ్చినాయి. అనంతపురం తీసుకుపోతే కడుపులో ఏమీ లేదన్నారు. మెదడు కింద చెనిక్కాయ విత్తనమంత గ్రంథి ఉంటుందట, పాలు పడేట్టు చేసే రసం అక్కడే ఊరుతుందట, మెదడు దాన్ని అదుపులో పెడుతుందట. ఈ మందు ఆ అదుపును కొందరిలో బాగా సడలిస్తుంది, కొందరిలో అంతగా కాదు, ఎవరిలో ఎట్లాగో ముందే చెప్పలేము, అట్లా అయితే మోతాదు తగ్గిస్తాము, మందు మారుస్తాము, ఉన్నట్టుండి మానకూడదు అని డాక్టరమ్మ చెప్పింది. మా సీమలో వాన కూడా ఒక చేను తడిపి గట్టు అవతలి చేను వదిలేస్తుంది కదా, నాకు అర్థమయింది.

వేరే మందు దొరికేదాకా పాతదే ఇచ్చినారు, పాలు మళ్లీ పడినాయి. గడ్డకట్టి నొప్పితో మెలికలు తిరుగుతుంటే చూడలేక మా అమ్మ తనకు తెలిసిన పని చేసింది, మల్లెపూల దండలు తెచ్చి చెల్లెలి రొమ్ములకు కట్టింది. పాలు ఇంకిపోవడానికి మా వైపు అట్లా కడతారు. ఎవరికి కడతారో నా ఈడు ఆడవాళ్లకు తెలుసు: బిడ్డ చచ్చిపోయిన బాలింతకు.

చెల్లెలు ఆ పూలను చాలాసేపు చూసింది. "నా బిడ్డ ఎప్పుడు పోయిందమ్మా?" అని అడిగింది.

మందు మారింది, పాలు ఇంకినాయి, గొంతులూ తగ్గినాయి, ఆ ప్రశ్న మాత్రం పోలేదు. మొగుడు ఇంకో పెళ్లి చేసుకున్నాడు. అమ్మ ఆ పూలనే తలుచుకుంటూ కన్నుమూసింది.

ఇప్పుడు గోడల మీద రాస్తున్నారు, నర్సమ్మలు మొహమాటం లేకుండా అడుగుతున్నారు. మొదట మాత్రలిచ్చినప్పుడు మాకు ఎవరూ చెప్పని మాట అదొక్కటే. నిన్న ఇంటికొచ్చి, చెల్లెలిని పక్కన కూర్చోబెట్టుకుని, గోడ మీది మాటలన్నీ చెప్పినాను. బుద్ధిగా విని, "అట్లనా అక్కా. అయితే నా బిడ్డను యాడ పూడ్చినారు?" అంది.

ఈ పొద్దున వీధిలో పూలామె కేక వినబడింది. ఎప్పటిలాగే, ఆమె మా గడప దగ్గరికి రాకముందే లేచి తలుపు మూసినాను.