ముగ్గుపిండితో గీసిన వంటిల్లు

ఈ ఉదయం రెండోసారి టీ పెడుతూ మా ఆవిడ విజయ వంటింటి కిటికీ తెరిచింది. పక్కింట్లోంచి షాజీరా, పుదీనా నూనెలో వేగుతున్న వాసన లోపలికి వచ్చింది. ఆ వైపు నుంచి తాలింపు వాసన రాక చాలా కాలమైంది. విజయ చేతిలో గిన్నెతోనే కిటికీ వైపు వంగింది. నాకు మాత్రం మా మేడ మీద గడిచిన ఒక ఆదివారం గుర్తొచ్చింది. ఆ రోజు ముగ్గుపిండితో గీసిన వంటింట్లో, లేని పొయ్యి మీది నుంచి లేని పప్పు దించి, విజయ గీత దాటింది. పిట్టగోడ వైపు చేయి చాపి, "టీచరమ్మగారూ, గిన్నె అందుకోండి" అంది. మా వంటిల్లు ఎలా ఉండాలన్నది ఆ ఒక్క మాటతో తేలిపోయింది. అంతకు ముందు మా ఇంట్లో వారాల తరబడి నడిచిన వాదనలేవీ తేల్చలేనిది అది.

ఆ టీచరమ్మ పేరు యశోద. ఆడపిల్లల హైస్కూల్లో గృహవిజ్ఞానం చెప్పి రిటైరయ్యారు. తాతల కాలం నుంచి హైదరాబాదు పాతబస్తీలోని మా జహనుమాలో ఉన్న కుటుంబం. పెళ్ళి చేసుకోలేదు. ఎవరైనా ఆ మాట కదిపితే, "బడిల గింతమంది ఆడపిల్లలుండంగ, ఇంటికాడ ఒక మొగోణ్ణి గూడ సాకాల్నా?" అనేవారు. నేను బాపట్ల నుంచి వచ్చి ఒక దినపత్రికలో సబ్ ఎడిటర్‌గా చేరి, వాళ్ళ పక్కిల్లు అద్దెకు తీసుకున్నప్పుడు నాకు కొత్తగా పెళ్ళయింది. తర్వాత ఆ ఇంటినే కొనుక్కున్నాం. రెండిళ్ళ వంటిళ్ళూ ఎదురెదురు. మధ్యలో పిల్లి మాత్రమే నడవగలిగినంత సందు. ఇటు కిటికీలోంచి చేయి చాపితే అటు కిటికీలో చేయి అందుతుంది. ఏళ్ళ తరబడి గిన్నెలు అటూ ఇటూ తిరిగి, ఏ గిన్నె ఎవరిదో రెండిళ్ళవాళ్ళమూ మరిచిపోయాం.

ఆమె మా పత్రికను నాకంటే ముందే చదివేసేవారు. నన్ను పేపరాయనా అని పిలిచేవారు. అప్పట్లో పురానాపూల్ వంతెన మీద కూరగాయలమ్మే ఆడవాళ్ళ గురించి ఒక చిన్న కథనం రాశాను. నాకు బాగానే వచ్చిందనిపించింది. పొద్దున్నే కిటికీలోంచి పిలుపు వచ్చింది.

"పేపరాయనా, గది రాసేటప్పుడు నువ్వు యాడ నిలబడ్డవ్?"

"అక్కడే టీచరమ్మగారూ, బుట్టల ముందు."

"గదే. కొనేటోళ్ళ దిక్కు నిలబడి రాసినవ్. ఒకపారి అమ్మేటామె ఎనక కూసోని చూడు."

మర్నాడు వెళ్ళాను. పుదీనా అమ్మే ముసలామె తన గోనెపట్టా మీద కొంచెం చోటిచ్చి, "ఏంది సారూ, కాళ్ళు గుంజుతున్నయా?" అని అడిగింది. అక్కడ కూర్చుంటే వంతెన కనపడలేదు, నది కనపడలేదు. మోకాళ్ళు, సంచులు, ఆకు తుంచి వాసన చూడటానికి కిందికి దిగే చేతులు, అంతే. ముసలామె ఎవరి మొహమూ చూడటం లేదు. నడక నెమ్మదించిన కాళ్ళను చూసి కేక వేస్తోంది. అదే రాశాను. మా ఇన్‌ఛార్జి దాన్ని నగరం పేజీలో పైన పెట్టాడు. టీచరమ్మ చదివి ఏమీ అనలేదు. మధ్యాహ్నం కిటికీలోంచి గిన్నెడు సేమ్యా పాయసం వచ్చింది. ఆమె మెప్పు ఎప్పుడూ ఆ దారినే వచ్చేది.

ఇక వంటింటి సంగతి. నేను రిటైరయ్యాక, మా అమ్మాయి శ్రావణి కాలేజీలో ఉండగా, దాన్ని తిరగకట్టించాలనుకున్నాం. పాతది ఇరుకు, చీకటి. సింకు ఒక మూల, పొయ్యి ఇంకో మూల. అందులోనే విజయ అన్నేళ్ళు వండింది. "ఒక్కసారే మారుస్తాం. ఇందులో తప్పు పడితే ఇక నేను బతికినన్నాళ్ళూ ఆ తప్పులో నిలబడే వండాలి" అంది. అందుకే ఆమెకు నిర్ణయం తీసుకోవాలంటే భయం. మాకు మాత్రం భయం లేదు కాబట్టి అభిప్రాయాలు ఎక్కువ. విజయకు తన స్నేహితురాలి ఫ్లాట్‌లో చూసినట్టు అద్దంలా మెరిసే తెల్లటి తలుపులు, గది నడుమ దీవిలాంటి బల్ల కావాలి. నాకు టేకు తలుపులు, షాబాదు బండలు, పైన వరసగా ఇత్తడి గిన్నెలు. శ్రావణికి నల్లటి ఇనుప చట్రాలు, గోడ మీద బయటికే కనపడే పైపులు.

"ఆ పైపులు చూస్తూ వండాలంటే మెకానిక్ షెడ్డులో పొయ్యి పెట్టుకుంటాను" అంది విజయ కూతురితో. నా వైపు తిరిగి, "ఇత్తడి గిన్నెలు తోమేది మీరయితే ఇవాళే కొనుక్కొద్దాం" అంది.

చాంద్రాయణగుట్టలో వంటిళ్ళు చేసే దుకాణం నుంచి ఫరీద్ భాయ్ వచ్చాడు. మా వయసుకు కొంచెం తక్కువ మనిషి, మాట మెత్తన. ల్యాప్‌టాప్ తెరిచి ఒక్కొక్క బొమ్మా చూపించాడు. "మేడమ్, గిది ఇటాలియన్. గిది స్కాండినేవియన్. గీ దిక్కు కిటికీ బంద్ చేసి నిలువు అలమర పెడితే జాగ మస్తు వస్తది." జాగా వస్తుందంటే మేమూ తలలూపాం. అప్పటికే టీచరమ్మ కళ్ళజోడు సర్దుకుంటూ గుమ్మంలోంచి లోపలికి వచ్చారు. బొమ్మలన్నీ తీరుబడిగా చూశారు.

"ఫరీద్ భాయ్, గీ ఫోటోలల్ల వండేటామె ఏది?"

"మోడల్ కిచెన్ అమ్మా. గండ్ల ఎవరుండరు."

"అందుకే గంత సాఫున్నయి. ఇవన్నీ దర్వాజ కాడ నిలబడి తీసినయి. పొయ్యి కాడ నిలబడి తీసింది ఒక్కటి చూపెట్టు."

ఫరీద్ భాయ్ వెతికాడు. పైకి జరిపాడు, కిందికి జరిపాడు. ఒక్కటీ దొరకలేదు. నాకు పురానాపూల్ గోనెపట్టా గుర్తొచ్చి నవ్వొచ్చింది. టీచరమ్మ నా నవ్వు చూశారు గానీ పట్టించుకోలేదు. "ఐతారం పొద్దుగాల మిద్దె మీదికి రాండ్రి. ముగ్గుడబ్బ నేను తెస్త" అని వెళ్ళిపోయారు.

వాళ్ళ బడిలో వంట నేర్పడానికి గది ఉండేది కాదట. అందుకని ఆమె మైదానంలో ముగ్గుతో వంటిల్లు గీసి, పిల్లల్ని అందులో తిప్పి పాఠం చెప్పేవారు. పొగ లేకపోయినా ఎవరు ఎవరికి అడ్డం వస్తారో, ఏ చేయి ఎక్కడికి పోతుందో తెలిసిపోయేది. ఆ పద్ధతినే మా మేడ మీదికి తెచ్చారు. ఆదివారం ఫరీద్ భాయ్ టేపుతో కొలతలు చెబుతుంటే శ్రావణి గీతలు గీసింది. ఇటుకలు పొయ్యి, బోర్లించిన బకెట్ సింకు, మా పాత బెంచీ నడిమి బల్ల. నిలువు అలమర ఉండాల్సిన చోట ఫరీద్ భాయే నిలబడ్డాడు.

"పేపరాయనా, నువ్వు ఫ్రిజ్. గా మూలకు నిలబడు. కుడిచెయ్యి తలుపు" అన్నారు టీచరమ్మ.

"నాదొక మాట..."

"ఫ్రిజ్ మాట్లాడది."

"మా ఇంట్లో ఫ్రిజ్ మాట్లాడుతుంది టీచరమ్మగారూ. పనే చేయదు" అంది విజయ.

చుట్టుపక్కల మేడల మీద బట్టలారేస్తున్నవాళ్ళు పని ఆపి చూడటం మొదలుపెట్టారు. టీచరమ్మ ప్లాస్టిక్ కుర్చీ వేయించుకుని కూర్చుని, "పప్పు, వంకాయ కూర, అన్నం. షురూ చెయ్యి విజయా" అన్నారు. విజయ మొదట సిగ్గుపడింది. తర్వాత నిజంగానే వంటలో పడిపోయింది. వంకాయల కోసం నా చేయి తెరిచింది. నా చేయి వెళ్ళి బెంచీకి తగిలింది. కడగడానికి సింకు దగ్గరికి పోవాలంటే బెంచీ చుట్టూ తిరగాలి. పొయ్యి దగ్గరికి రావాలంటే మళ్ళీ చుట్టూ తిరగాలి. టీచరమ్మ తప్పని గానీ ఒప్పని గానీ అనలేదు. "ఇంకొకపారి" అంటారు, అంతే. మూడోసారికి విజయ తనే బెంచీని కాలితో గీత బయటికి నెట్టేసింది.

"ఈ దీవి వద్దు. ఎటు పోవాలన్నా చుట్టూ ఈదాల్సొస్తోంది" అంది.

ఆ బల్ల కోసం మాతో ఎంత పోట్లాడిందో తెలుసు కనుక నేనూ శ్రావణీ మొహాలు చూసుకున్నాం. ఇక తిరగడం తేలికయింది. విజయ పప్పు దించింది, రెండు చేతులతో గిన్నె పట్టుకుంది. నేరుగా ఫరీద్ భాయ్ దగ్గరికి నడిచి, "కొంచెం జరగండి భాయ్" అంది. అలమర జరిగింది. విజయ గీత దాటి, పిట్టగోడ వైపు చేయి చాపి, గిన్నె అందుకోమంది. అక్కడ పిట్టగోడ తప్ప ఏమీ లేదు. టీచరమ్మ ఆమె వెనకాల కుర్చీలో ఉన్నారు.

"అమ్మా, గోడ దాటావ్" అంది శ్రావణి.

అందరం పడీపడీ నవ్వాం. పక్క మేడ మీద ఎవరో చప్పట్లు కూడా కొట్టారు. విజయ కాళ్ళ కింద చెదిరిన ముగ్గు చూసుకుని తనూ నవ్వింది. నవ్వు ఆగాక గానీ మాకు సంగతి తలకెక్కలేదు. అన్నీ కొలిచి గీశాం, కిటికీ మాత్రం గీయలేదు. నేల మీద గీస్తే కిటికీ కనపడదు. బడిపిల్లల మైదానంలో కిటికీలు ఉండేవి కావు గనుక టీచరమ్మకూ తట్టలేదు. విజయ చేతికి మాత్రం అది ఎక్కడుందో తెలుసు.

టీచరమ్మ కళ్ళజోడు తీసి కొంగుతో తుడిచారు. "విజయా, కిటికీ బంద్ జేస్కో. పెద్ద అలమర వస్తది. నేనేమన్న శాశ్వతమా? రేపు నేను లేకుంటే నీ గోడకు బొక్క మిగుల్తది."

"మీ కోసం కాదండీ. నా చెయ్యి అటే పోతోంది, నన్నేం చేయమంటారు?" అంది విజయ.

ఫరీద్ భాయ్ టేపు చుట్టి జేబులో పెట్టుకున్నాడు. "అలమరను ఫ్రిజ్ పక్కకు జరుపుత మేడమ్. జెర చిన్నగైతది."

"చిన్నదయితే కానివ్వండి."

"మరి స్టయిల్ ఏమని రాస్కోవాలె? మా షాపుల ప్రతి పనికి ఒక పేరుంటది."

"జహనుమా స్టయిల్ అని రాయి. ఇటలోళ్ళు వచ్చి నేర్చుకుంటరు" అన్నారు టీచరమ్మ.

అలాగే అయింది. విజయకు తెల్లటి తలుపులు దక్కాయి. మెరుపు మాత్రం తనే వద్దంది. శ్రావణికి ఒక నల్లటి ఇనుప అర. నా వంతుకు కిటికీ గడప మీద ఒకే ఒక్క షాబాదు బండ వచ్చింది. పాలు పొంగించిన రోజు టీచరమ్మ పట్టుచీర కట్టుకుని వచ్చారు. సొరుగులన్నీ ఒకటొకటిగా లాగి, నెట్టి చూశారు. "చప్పుడే లేదు. బెల్లం దొంగతనం జేస్తానికి మంచిగుంటది" అని తీర్పు చెప్పారు. తర్వాత నా వైపు చూసి, "ఫ్రిజ్ లెక్క నిలబడింది సాలు. పొయ్యి కాడికి రా" అన్నారు.

నాకు వంట వచ్చింది అలాగే. ప్రతి ఆదివారం నేను ఇటు పొయ్యి దగ్గర, ఆమె అటు కిటికీలో ముక్కాలిపీట మీద. "మంట తక్వ జెయ్యి. ఆవాలు చిటపటలాడనియ్యి, నీకేం లేటయితున్నది, పేపర్ అచ్చుకు పోవాల్నా?" నేను వండింది మొదట ఆ కిటికీలోంచే వెళ్ళేది. గిన్నె వెనక్కి వచ్చినప్పుడు అందులో లడ్డూ ఉంటే కూర కుదిరినట్టు. నిమ్మకాయ ఉంటే ఉప్పు ఎక్కువైనట్టు. చాలా వారాలు మా ఇంట్లో నిమ్మకాయ కొనే పని లేకపోయింది.

రెండేళ్ళ కిందట ఆమె పోయారు. పెద్ద వయసు, నిద్రలోనే. ఆమె ముగ్గుడబ్బా మా ఇంట్లోనే ఉండిపోయింది. అటువైపు కిటికీకి తమ్ముడి కొడుకు చెక్క కొట్టించాడు. ఇల్లు అమ్మేశాడు. నేను ఇప్పటికీ వారానికోసారి పత్రికకు రాస్తుంటాను. కూర్చునే ముందు ఆ ప్రశ్న వినపడుతుంది, నువ్వు యాడ నిలబడ్డవ్ అని. కొన్నిసార్లు కలం మూసి, చెప్పులు వేసుకుని బయటికి నడుస్తాను. ఆదివారాలు వంట నాదే. పప్పు దించాక నా చేయీ అటే పోతుంది. ఆ అలవాటు ఎప్పుడు అంటుకుందో నాకు తెలియదు.

ఇల్లు కొన్నవాళ్ళు పోయిన వారం దిగారు. ఆవిడ పేరు నస్రీన్, బ్యాంకులో పనిచేస్తుంది. వాళ్ళు కూడా వంటిల్లు తిరగకట్టిస్తున్నారు, అదీ మా ఫరీద్ భాయ్ చేతే. మా వైపు కిటికీ మూసేసి ఆ గోడకు పెద్ద చిమ్నీ బిగించాలని వాళ్ళ ఆలోచన అని అతనే నాకు చెప్పాడు. "నేనైతే ఏమనలే సార్. వాళ్ళిష్టం" అన్నాడు.

ఇవాళ ఆ వాసన వచ్చాక తొంగి చూస్తే అటు కిటికీకి చెక్క లేదు, తలుపు తెరిచి ఉంది. ఉక్కపోస్తోందని తీయించిందట. నస్రీన్ కిటికీలో నిలబడి సందు వెడల్పు చూసి ఆశ్చర్యపోయి, "ఆంటీ, ఇక్కడికెళ్ళి చెయ్యి అందుతదా?" అని అడిగింది. ఇద్దరూ చేతులు చాపి చూసుకున్నారు, అందాయి. బగారా అన్నం గిన్నె ఇటు వచ్చింది. విజయ దాన్ని కడిగి, నేను పొద్దున చేసిన పులిహోర నింపి పంపింది. దాని వెనకే టీచరమ్మ ముగ్గుడబ్బా అందించింది.

"ఇదేంది ఆంటీ?"

"ముగ్గుపిండి. మిద్దె మీద మీ వంటిల్లు గీసుకుని, అందులో ఒకసారి వండి చూడమ్మా."

కిటికీ గురించి విజయ ఒక్క మాటా అనలేదు. నేను చెబుదామని నోరు తెరిస్తే, ఫ్రిజ్ మాట్లాడదని గుర్తుచేసింది. వచ్చే ఆదివారం గీస్తామని నస్రీన్ అంది. చిమ్నీ ఎక్కడ పెట్టాలన్నది వాళ్ళింకా తేల్చుకోలేదు. పులిహోర గిన్నె ఇంకా అటువైపే ఉంది.