సమీకరణం కింద ఖాళీ లైను

మా డిగ్రీ కాలేజీ పిల్లల కోసం లెక్కల గైడు ఒకటి లేటెక్ అనే టైపింగ్ సాఫ్ట్‌వేర్‌లో నేనే టైప్ చేస్తున్నాను. సమీకరణం రాశాక ‘కాబట్టి’ అని అదే వాక్యం కొనసాగిస్తే, ఆ లైను కొత్త పేరాలా లోపలికి జరిగి కూర్చుంటోంది. వారం రోజులుగా ప్రతి సమీకరణం కిందా ‘లోపలికి జరగొద్దు’ అనే కమాండు కొడుతూ వచ్చాను. నూట పన్నెండు చోట్ల కొట్టాక ఓపిక అయిపోయి, ఈ రోజు ల్యాప్‌టాప్ పట్టుకుని షేర్ ఆటోలో కల్లూరు వెళ్లాను. అక్కడ డీటీపీ సెంటర్ నడిపే ఖాదర్ ఒకప్పటి నా విద్యార్థే. కూర్చోగానే ఆ సాఫ్ట్‌వేర్‌ను పది నిమిషాలు తిట్టిపోశాను. అతను అంతా విని స్క్రీన్ వైపు చూశాడు.

“సార్, సమీకరణం కింద ఈ ఖాళీ లైను ఏంటికి ఇడ్సినారు? దాన్ని చూసి అది కొత్త పేరా అనుకుంటాండాది. తీసేస్తే సరిపోతాది.”

“నీట్‌గా ఉంటాదని ఇడ్సినా. ఇరవై ఏండ్లుగా క్లాసులో నేను చెప్పేది అదే కదప్పా.”

“నాకు గుర్తుండాది సార్. ఆ లైను ఇడ్సలేదనే ఇంటర్నల్స్‌లో నాకు అర మార్కు కోసినారు.”

అతను నవ్వి ఉంటే బాగుండేది. నవ్వకుండా నాకు టీ తెప్పించాడు.

ఇంటికొచ్చి ఖాళీ లైన్లన్నీ తీసేశాను. పేజీ చక్కగా కుదిరింది. ఖాదర్‌లాగే లైను వదల్లేదని నా దగ్గర అర మార్కు పోగొట్టుకున్నవాళ్లు ఇది చదువుతుంటే కామెంట్లో చెప్పండి. మార్కు ఇప్పుడు కలపలేను గానీ, మీరు రాసిందే కరెక్టని అందరి ముందూ ఒప్పుకుంటాను.