మా మామ మోటరుకు వెక్కిళ్లు తెప్పించిన పట్టిక

ఆ రోజుల్లో నాకు పట్టికలంటే వల్లమాలిన నమ్మకం. మనిషికి వచ్చే సందేహం ఏదైనా సరే, అడ్డంగా నాలుగు గీతలు, నిలువుగా నాలుగు గీతలు గీసి గడుల్లో మార్కులు వేస్తే తీరిపోతుందనుకునేవాణ్ని. సూర్యాపేట బస్టాండు ఎదుట ఏ టిఫిన్ సెంటర్లో తినాలో కూడా పట్టిక వేసే తేల్చాను (చట్నీకి ముప్పై మార్కులు, సాంబారుకు ఇరవై, ఓనరు మొహానికి పది). అందులో మొదటొచ్చిన చోట తిని రెండు రోజులు కడుపు పట్టుకుని పడుకున్నా నా నమ్మకం సడలలేదు. చట్నీకి మార్కులు కాస్త ఎక్కువ పడ్డాయి, అంతే అనుకున్నాను. అలాంటి మేధావికి ఇంజినీరింగ్ కాగానే ఆ ఊళ్లోనే ఉద్యోగం దొరికింది, మూడు నెలలు చూసి నచ్చితే ఉంచుకుంటామనే షరతు మీద.

మా యజమానిని అందరూ వైండింగ్ సార్ అనేవాళ్లు. కాలిన మోటర్లకు వైండింగ్ చేసుకుంటూ పైకొచ్చి, బోరు మోటరు స్టార్టర్లు తయారుచేసే షెడ్డు పెట్టిన మనిషి. రైతు పొలం దాకా నడవకుండా ఫోన్లోనే మోటరు వేసుకునే డబ్బా ఒకటి చేయాలని ఆయన కోరిక. డబ్బా సరిగ్గా పనిచేస్తే ఎన్నయినా తీసుకుంటానని మిర్యాలగూడ డీలరు ఒకాయన మాట కూడా ఇచ్చాడు. ఆ డబ్బాకు మెదడు ఒక చిన్న చిప్పు. చిప్పు బజార్లో దొరుకుతుంది గానీ, దానితో పని చేయించుకోవాలంటే ఆ కంపెనీ ఇచ్చే సాఫ్ట్‌వేర్ మూట కావాలి. దాన్ని ఎస్‌డీకే అంటారు, మేము కిట్టు అనేవాళ్లం. మూడు కంపెనీల కిట్లు నా ముందు పెట్టి సార్ అన్నారు: "మూడిట్ల ఏది మంచిదో సూసి ఒక్క కాయితం మీద రాసుకరా. ఒక్కటంటే ఒక్కటే కాయితం." నేను మూడు వారాలు తీసుకుని ముప్పై ఒక్క పేజీలు రాశాను.

కిట్లకు పేర్లు పెట్టాను. మొదటిది పెద్దాయన. ఇంటర్నెట్ నుంచి దించుకోవడానికే ఒక పూట పట్టింది, దానికి ముందు నేనెవరు, ఏం చేస్తాను, ఏటా ఎన్ని లక్షల చిప్పులు కొంటాను అని పోలీసుల్లా అడిగింది (రెండు అని నిజం రాస్తే ఒప్పుకోలేదు). కానీ దాని పుస్తకాలు ఎంత బాగుండేవో! రంగుల బొమ్మలు, బాణాలు, అచ్చు వేయిస్తే తలగడంత లావు. రెండోది కుర్రోడు. లోకమంతా వాడేది, ఏ ప్రశ్న వేసినా పది మంది పది జవాబులు చెబుతారు, పోయిన నెల నడిచిన ప్రోగ్రామ్ ఈ నెల నడవదు. మూడోది పరదేశి. చాలా చవక, లోపల వివరణలన్నీ చైనా భాషలో. ఒక్కచోట మాత్రం ఇంగ్లీషులో "దయచేసి జాగ్రత్త" అని రాసి ఉంది. దేనికి జాగ్రత్తో రాయలేదు.

మొదటిసారి మార్కులు కూడితే కుర్రోడు గెలిచాడు. నాకు నచ్చలేదు. ఎందుకంటే పెద్దాయన కిట్టు మీద పని వచ్చినవాళ్లకు హైదరాబాదులో పెద్ద కంపెనీలు ఎర్ర తివాచీ పరుస్తాయని ఎవరో చెప్పగా విన్నాను. అంచేత పుస్తకాల అందానికి మార్కులు పెంచాను, మళ్లీ పెంచాను, పెద్దాయన గెలిచేదాకా పెంచాను. దీన్ని నేను ఆ వయసులో శాస్త్రీయ దృక్పథం అనేవాణ్ని.

మా షెడ్డులో టంకం పెట్టే బల్ల దగ్గర ఒక అక్క ఉండేది, కోదాడ ఆవిడ. నా పట్టిక మొత్తం ఓపిగ్గా తిరగేసి, "తమ్ముడూ, కరెంటు పోయొస్తే ఏమవుద్దో ఇందులో రాయలేదేంటి?" అంది. అది సాఫ్ట్‌వేర్‌కు సంబంధించిన విషయం కాదన్నాను. "మోటరుకు సంబంధించింది కదయ్యా" అంది. ఆవిడ మనసు నొప్పించడం ఎందుకని చివరి పేజీలో "ఇతరములు" కింద ఆ గడి కలిపి, అర మార్కు కేటాయించాను. అక్క నవ్వి ఊరుకుంది. ఆ తర్వాత రోజూ మధ్యాహ్నం ఒక చేత్తో అన్నం తింటూ రెండో చేత్తో, మూడు కంపెనీల చిప్పులు బిగించిన నా బోర్డులకు స్విచ్చి వేస్తూ, ఆర్పుతూ, మోటరుకు బదులు తగిలించిన బల్బు వంక చూస్తూ కూర్చునేది. పాపం పొద్దుపోక అనుకున్నాను.

పెద్దాయనతో డబ్బా తయారైంది. పొలంలో పరీక్షించి చూడాలన్నారు సార్. ఎవరి మోటరు? ఆ మాట ఆయన పూర్తిచేసేలోపు మా మేనమామ మోటరు రాసిచ్చేశాను. తిరుమలగిరి దగ్గర మామకు నాలుగెకరాల యాసంగి వరి, దానికంతటికీ ఒక్కటే బోరు. వరి అప్పుడే పొట్టకొచ్చింది. ఆ దశలో మోటరు కాలితే, దాన్ని బోర్లోంచి పైకి లాగి వైండింగ్ చేయించి మళ్లీ దింపేలోపు పొలంలో తాలు తప్ప ఏమీ మిగలదు. ఇది నాకు తెలియదా అంటే తెలుసు. కాకపోతే చుట్టాల ముందు ఫోన్ తీసి మీట నొక్కే నా బొమ్మే నా కళ్ల ముందు ఆడుతోంది.

మామ ఊళ్లో సగం మందిని వెంటేసుకొచ్చాడు. "సూడుండ్రి, మా అల్లుడు గీడ నిలవడి ఫోన్ నొక్కితే గాడ నీళ్లొస్తయ్" అని ముందే చాటింపు. నొక్కాను. మోటరు కదిలింది, పైపులోంచి నీళ్లు దూకాయి, జనం చప్పట్లు కొట్టారు. నేను ఏదో చిన్న పనే అన్నట్టు మొహం పెట్టాను. సరిగ్గా అప్పుడే కరెంటు రెప్పపాటు పోయి వచ్చింది.

ఎవరూ ఏమీ నొక్కలేదు. డబ్బాలో టక్కుమంది, మోటరు గుర్రుమంది, ఆగిపోయింది. మళ్లీ టక్కు, మళ్లీ గుర్రు. తర్వాత తెలిసిందేమిటంటే, కరెంటు అందిన మొదటి అర సెకనులో, నా ప్రోగ్రామ్ ఇంకా నిద్ర లేవకముందే, పెద్దాయన తన తీగలన్నిటినీ ఒకసారి ఆన్ చేసి చూసుకుంటాడు. అందులో ఒక తీగకు మామ మోటరుంది (డబ్బా వెలిగాకే మోటరు తగిలించాను కాబట్టి మొదట్లో బయటపడలేదు). మోటరు లేవగానే ఓల్టేజి పడిపోతుంది, చిప్పు ఆరిపోయి వెలుగుతుంది, పెద్దాయన మళ్లీ మొదటి నుంచీ చూసుకుంటాడు.

"అల్లుడా, మోటరుకు ఎక్కిళ్లు వచ్చినయ్‌రా! ఆపు జర!"

అప్పుడు నేను చేసిన పని ఇంజినీర్లు తప్ప ఇంకెవరూ చేయరు. గట్టు మీద కూర్చుని ల్యాప్‌టాప్ తెరిచాను. "ఒక్క నిమిషం మామా, పుస్తకంల సూస్తున్న." నాలాగే ఎవరో కంపెనీ వెబ్‌సైటులో ఇదే ప్రశ్న అడిగి ఉన్నారు. దాని కింద ఆ మనిషే "కారణం దొరికింది, ధన్యవాదాలు" అని రాసి వెళ్లిపోయాడు. ఆ మహానుభావుడు ఏ దేశంలో ఉన్నాడో గానీ ఇప్పటికీ తిట్టుకుంటూనే ఉన్నాను. నేను రెండో పేజీకి వెళ్లేలోపు మామ పరిగెత్తి ఫీజులు పీకేశాడు.

నా డబ్బా విప్పి పక్కన పెట్టి, కాసేపాగి, ఫీజులు పెట్టి తన పాత స్టార్టరు నొక్కాడు. పైపులోంచి గాలి మాత్రమే వచ్చింది. మామ వంగి పైపుకు చెవి ఆనించాడు. నాకు ఆ క్షణంలో ఉద్యోగం గుర్తు రాలేదు, ఆ వరి ఒక్కటే కనిపించింది. పైపు ఒక దగ్గు దగ్గింది, నీళ్లు పడ్డాయి.

అదే సమయానికి సార్ ఫోన్. నేను నోరు తెరిచేలోపు మామ ఫోన్ లాక్కున్నాడు. "నమస్తే సార్. మా అల్లుని డబ్బ మస్తుగున్నది. ఫికర్ జెయ్యకుండ్రి." పెట్టేసి నా భుజం తట్టి, "నీ నౌకరి నిలవడ్డది పో. సార్ రేపే మిర్యాలగూడకు మాటిస్తడంట, ఇగ డబ్బలు జేసుడే" అన్నాడు.

సూర్యాపేట బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే ఏడుపొచ్చింది. కరెంటుదే తప్పని చెబితే అందరూ నమ్ముతారు. అసలేమీ చెప్పకపోతే ఇంకా బాగా నమ్ముతారు. కానీ ఆ డబ్బాలు ఊరూరా బోర్లకు తగిలిస్తే, ఎంతమంది వంగి పైపులకు చెవి ఆనించాలో లెక్కపెట్టుకుంటూ బస్సు దిగాను.

పొద్దున్నే వెళ్లి చెప్పాను. "సార్, మా మామ అబద్ధం చెప్పిండు."

పట్టికలో మార్కులు పెంచిన సంగతి కూడా దాచలేదు, ఆయన మొత్తం విన్నారు. "మీ మామ ఒక్క ముక్క అబద్ధమాడిండు. నువ్వు ముప్పై ఒక్క పేజీలు రాసినవ్. మీ ఖాన్‌దాన్‌ల నిజం చెప్పేటోడు ఒక్కడన్న ఉన్నడారా?" అన్నారు. మళ్లీ ఆయనే అందుకున్నారు: "ఇయ్యాల నువ్వు చెప్తున్నవ్ కదా, ఉండు. అక్క దగ్గర కూసో."

అక్క అన్నం డబ్బా కిందనుంచి ఒక చిన్న కాగితం తీసింది. ఒక్కో కిట్టుకు వంద సార్లు స్విచ్చి వేసి ఆర్పిన లెక్క, పెన్సిలు గీతల్లో. పెద్దాయన వందసార్లూ బల్బు మిణుక్కుమనిపించాడు. కుర్రోడు మూడుసార్లు. పరదేశి ఒక్కసారీ లేదు. "ముందే చెప్పొచ్చు కదక్కా" అంటే, "చెప్పానయ్యా. అర మార్కు వేశావ్" అంది. నెల రోజులు ఆవిడ పక్కన కూర్చుని స్విచ్చి వేసి ఆర్పాను. చిప్పులకు ప్రోగ్రామ్ రాసే ఫర్మ్‌వేర్ విద్య నాకు తెలిసినంతలో సగం అక్కడ నేర్చుకున్నదే.

కొత్త డబ్బా పరదేశితో, మోటరును ఆన్ చేసే రిలే తీగ ప్రోగ్రామ్ నిద్ర లేచేదాకా కదలకుండా అక్క చెప్పిన కాపలా కూడా పెట్టి చేశాం. మిర్యాలగూడ దాకా బాగానే వెళ్లింది. మామకు ఒకటి ప్రత్యేకంగా పంపాను. మోటరు ఆన్ అయిన ప్రతిసారీ డబ్బా నా ఫోన్‌కు ఒక మెసేజ్ పంపుతుంది. మామ డబ్బా నుంచి ఒక్కటీ రాలేదు. అడిగితే "మస్తు నడుస్తుందిరా, కాలు కదపకుంటనే పొలం తడుస్తుంది" అనేవాడు. సిగ్నల్ లేదేమో అనుకున్నాను.

ఏడాది తర్వాత ఒక పొద్దున చెప్పకుండా వెళ్లాను. బోరు దగ్గర రేకు కింద నా డబ్బా రోజూ తుడుస్తున్నట్టు మెరుస్తోంది. వైర్లు దేనికీ తగిలించి లేవు, చుట్టచుట్టి పక్కన వేలాడదీసి ఉన్నాయి. అంతలో మామ బురదకాళ్లతో గట్టు మీదుగా నడిచొచ్చి, నన్ను చూసి ఆగిపోయి, పాత స్టార్టరు మీదికి పోబోయిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "ఇప్పుడే ఫోన్ల బంద్ జేసి, ఊకెనే సూద్దామని వచ్చిన" అన్నాడు.

ఏడాదిగా ఒక్క మెసేజూ రాని ఫోన్‌ను నేను జేబులోంచి తీయలేదు. "మంచిగ నడుస్తుంది గదా మామా" అన్నాను. మామ తువ్వాలుతో డబ్బా మీద లేని దుమ్ము తుడిచాడు. ఆనాటి ఆ పట్టికల కుర్రాణ్ని తలుచుకుంటే ఇప్పుడు నవ్వే వస్తుంది గానీ, వాడంటే మామకు ఎంత ఇష్టమో వాడికి తెలియదు కదా అని జాలి కూడా వేస్తుంది.