తవుడు పెట్టి తెచ్చుకున్న పిల్ల

మా అమ్మాయికి అప్పుడు ఆరేళ్ళు. మూడో ఏట పట్టుకున్న ఉబ్బసం, ముసురు పడితే చాలు, ఎగదన్నేది. ఆ ఆయాసం వినీ వినీ నాకేదో అయింది. అది హాయిగా ఆడుకుంటున్నా నా చెవుల్లో పిల్లికూతలు వినబడేవి. పప్పులో రెండుసార్లు ఉప్పు వేసేదాన్ని. పెరట్లోకి వెళ్ళి, ఎందుకొచ్చానో తెలియక నిలబడేదాన్ని. "ఏంటే, ఏమైంది నీకు?" అని మా ఆయన అడిగితే ఆయన మీద విరుచుకుపడేదాన్ని. మతి పోతోందేమోనని భయం వేసేది. పిల్లకి జబ్బైతే నాకు బాగాలేదని ఏ ముఖం పెట్టుకుని చెప్పను?

తొలకరికి ముందు మా అత్తగారు ఒక దారి చెప్పారు. పిల్లలు నిలవని ఇళ్ళల్లో చేసేదే. మా వీధికి చేపలు తెచ్చే ఆవిడ చేతుల్లో పిల్లను పెట్టేశాం. చేటెడు తవుడు ఆవిడకిచ్చి మళ్ళీ తెచ్చుకున్నాం. ఇక పిల్ల ఆవిడది, మేం సాకేవాళ్ళం. జబ్బు మా బిడ్డను వెతుక్కుంటూ వస్తే మా ఇంట్లో మా బిడ్డంటూ ఉండదన్నమాట. పిల్ల అదంతా ఆట అనుకుని నవ్వింది.

"ఎవరడిగినా నా కూతురని అనకమ్మా. ఆ జబ్బు వింటుంది," అన్నారు అత్తగారు.

నమ్మానా అంటే లేదు. నమ్మలేదా అంటే అదీ లేదు. ఆషాఢం, శ్రావణం ముసుర్లలో ఆయాసం రాలేదు. దాంతో నా నోటికి తాళం పడింది.

భాద్రపదంలో మళ్ళీ పట్టుకుంది. పడవెక్కించి రాజమహేంద్రవరం ధర్మాసుపత్రికి తీసుకెళ్ళాం. మా ఆయన చీటీ కోసం వెళ్ళారు. కాంపౌండరుగారు నా వైపు తిరిగి, "తల్లివి నువ్వేనా అమ్మా?" అన్నారు.

"కాదండి," అన్నాను.

"మరి తల్లేది? ఎన్నాళ్ళ నుంచి ఉందో ఎవరు చెబుతారు?"

ఏ రోజు ఎంతసేపు ఎగపోసిందో అంతా నాకు తెలుసు. "పెంచుకుంటున్నానండి," అని మాత్రం అన్నాను. పిల్ల నా ముఖంలోకి చూసింది. మా ఆయన వచ్చి సంగతంతా చెప్పి పిల్లకు మందు ఇప్పించారు. బయటికొచ్చాక, "మతుండే మాట్లాడావా?" అన్నారు. నాకే తెలియలేదు.

తిరుగు పడవలో ఆయాసం ఎక్కువైంది. నేను చేయి చాస్తే పిల్ల పక్కకు జరిగింది. అవతలి అంచున కూర్చుని ఎగపోస్తూనే ఉంది. కాసేపటికి తనే వచ్చి నా ఒళ్ళో తల పెట్టుకుంది.

"మీరు మా అమ్మ కాకపోయినా ఫర్వాలేదండి," అంది, మాటకూ మాటకూ మధ్య ఊపిరి కూడదీసుకుంటూ. "వీపు రాయండి."

ఇంటికొచ్చిన పరాయివాళ్ళతో అలా మాట్లాడాలని నేర్పింది నేనే. మీ అమ్మను నేనే అందామంటే ఆ ఆయాసం నా చేతి కిందే ఉంది, వింటుంది. రేవు వచ్చేదాకా వీపు రాస్తూనే కూర్చున్నాను.